ఇంట్లో 50 లీటర్ల ఎయిర్ కంప్రెసర్: సర్వీసు ఎంతకొకసారి? గాలి ఉంచితే ప్రమాదమా?

ఉప్పల్ నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ. రెండు హెచ్‌పీ, 50 లీటర్ల ట్యాంకు, ఆయిల్ పోసే రకం కంప్రెసర్ కొని ఎనిమిది నెలలైంది. బండ్ల టైర్లలో గాలి పట్టడానికి, ఏసీ ఫిల్టర్లు ఊదడానికి, అప్పుడప్పుడు గేటుకో కుర్చీకో స్ప్రే పెయింటు కొట్టడానికి వాడుతున్నారు. మెట్ల కింద ఉంటుంది. కొన్నప్పటి నుంచి దాన్ని విప్పి చూసింది లేదు. "సర్వీసు ఎంతకొకసారి చేయించాలి? బైక్‌కు పోసే ఇంజన్ ఆయిలే దీనికీ పోయొచ్చా? ట్యాంకులో గాలి అలాగే వదిలేస్తే పేలుతుందా? ఇంట్లో చిన్నపిల్లలున్నారు, టెన్షన్‌గా ఉంది" అని రాశారు.

ముందు సమాధానం చెప్పేస్తాను. వాడిన ప్రతిరోజూ, పనయ్యాక, ట్యాంకు అడుగున ఉన్న డ్రెయిన్ కాక్ తిప్పి నీళ్ళు తీసేయండి. ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా తీయలేదంటే మిగతాది తర్వాత చదవచ్చు, ముందు వెళ్ళి ఆ పని చేసి రండి. ఆయిల్ ఆరు నెలలకోసారి మార్చండి, బైక్ ఆయిల్ వద్దు. గాలి ఒక రాత్రి ట్యాంకులో ఉంటే ఏమీ కాదు, వారాల తరబడి ఉంచొద్దు. మెకానిక్ దాకా తెచ్చే అవసరం పెద్దగా ఉండదు, చాలామటుకు మీ చేతిలో పనే.

నేను బాలానగర్‌లో పాతికేళ్ళు మెయింటెనెన్స్ ఫిట్టర్‌గా చేశాను. ఇప్పుడు అక్కడే చిన్న షెడ్డు పెట్టుకుని కంప్రెసర్లు బాగుచేస్తున్నాను. (మన దగ్గర కంప్రెసర్ అంటే అందరికీ ఫ్రిజ్‌దో ఏసీదో గుర్తొస్తుంది. బోర్డు మీద "గాలి కంప్రెసర్" అని రాయించినా, ఫ్రిజ్ చల్లబడట్లేదని ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు.) ఇన్నేళ్ళలో నాకు అర్థమైంది ఒకటుంది. మోటారు కాలితే వైండింగ్ చేయిస్తాం. పంపులో రింగులు అరిగితే కొత్తవి వేస్తాం. స్విచ్ పోతే రాణీగంజ్ వెళ్ళి ఇంకోటి తెస్తాం. ట్యాంకు పోతే మాత్రం చేసేదేమీ లేదు, పాత ఇనుముకు వేయాల్సిందే. ట్యాంకును తినేది నీళ్ళు. అందుకే నేను ఎవరికి చెప్పినా నీళ్ళతోనే మొదలుపెడతాను.

నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయి అని చాలామంది అనుమానపడతారు. బయటి గాలిలోంచే వస్తాయి. వానాకాలంలో మన హైదరాబాద్ గాలిలో ఘనమీటరుకు దాదాపు 20 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. ఆ గాలిని ఎనిమిది కేజీల ప్రెషర్‌కు (అంటే చదరపు సెంటీమీటరు మీద ఎనిమిది కేజీల బరువు) నొక్కి, వేడి చేసి, ట్యాంకులో చల్లారనిస్తే అంత ఆవిరి అందులో నిలవదు, నీరై అడుగున చేరుతుంది. మీ సైజు మిషన్ జులైలో మొత్తం మీద ఒక గంట నడిస్తే 100 మిల్లీలీటర్ల పైనే నీళ్ళు ట్యాంకులోనో పైపులోనో చేరతాయి. ఏప్రిల్, మే నెలల్లో పొడిగాలి కాబట్టి తక్కువ వస్తాయి. అందుకే ఎండాకాలంలో కొన్నవాళ్ళు "నా దాంట్లో నీళ్ళు రావడం లేదండీ" అని ధీమాగా ఉంటారు, దసరా నాటికి ఫోన్ చేస్తారు.

నీళ్ళు తీసే పద్ధతి: మోటారు ఆపి ప్లగ్ తీసేయండి. పైపులోంచి గాలి వదులుతూ గేజీ ముల్లు ఒకటి, రెండు కేజీల దగ్గరికి వచ్చాక ఆపండి. ఎనిమిది కేజీల మీద కాక్ తిప్పితే తుప్పు నీళ్ళు మొహాన కొడతాయి. పూర్తిగా గాలి పోయాక తిప్పితే నీళ్ళను తోసే బలం ఉండదు, సగం లోపలే మిగిలిపోతాయి. కాక్ కింద పాత మగ్గు పెట్టి, మొహం పక్కకు తిప్పుకుని మెల్లగా వదులు చేయండి. మొదట బొట్లు, తర్వాత చిమ్ముతూ టీ రంగు నీళ్ళు, ఆ తర్వాత పొగలాంటి తుంపర, చివరికి ఒట్టి గాలి వస్తుంది. కాక్ ఉన్న వైపుకు మిషన్‌ను కొంచెం వంచి పట్టుకుంటే మూలల్లో ఉన్నవి కూడా వచ్చేస్తాయి. మళ్ళీ రేపు వాడేదుంటే కాక్ బిగించండి. పది పదిహేను రోజులు వాడరనుకుంటే గాలంతా తీసేసి కాక్ తెరిచే ఉంచండి, లోపల ఆరుతుంది.

ఇంత సులువైన పని జనం ఎందుకు చేయరంటే, ఆ కాక్ పెట్టే చోటు అలాంటిది. సరిగ్గా పొట్ట కింద, చెయ్యి దూరని సందులో ఉంటుంది. నా దగ్గరికి వచ్చిన ప్రతి మిషన్‌కూ అడిగితే ఒక మార్పు చేస్తాను. ఆ కాక్ విప్పేసి, అదే చూడికి (మరకు) ఒక ఎల్బో, జానెడు ఇనుప నిపిల్, చివర ఇత్తడి బాల్ వాల్వ్ పెట్టి పక్కకు తెస్తాను. టెఫ్లాన్ టేపు చుట్టి బిగిస్తే సరి. ఒక్క షరతు, పెట్టే సామాను ఆ ప్రెషర్‌కు తట్టుకునేదై ఉండాలి, నల్లా ఫిట్టింగుల దుకాణంలో దొరికే ప్లాస్టిక్‌వి కాదు. చెయ్యి అందే చోట వాల్వ్ ఉంటే పిల్లలు పడుకున్నాక చెప్పులు వేసుకుని వెళ్ళి తిప్పి రావచ్చు.

తీయకపోతే ఏమవుతుందో చూసిన సంగతి చెప్తాను. ఆరేడేళ్ళ కింద ఒక ఫర్నిచర్ పాలిష్ ఆయన మోటారు మూలుగుతోందని ఆటోలో మిషన్ వేసుకొచ్చారు. మోటారు చూస్తూ ట్యాంకు కింద చెయ్యి పెడితే గరుకుగా ఏదో తగిలింది. వంచి చూస్తే అరచేతి అంత వెల్డింగ్ ప్యాచ్, దాని మీద కొత్త పెయింటు. అడిగితే, "అక్కడ చెమట పట్టినట్టు తడి వస్తుండె అన్నా, పక్క వీధిలో వెల్డింగ్ కొట్టించిన, వారం నుంచి బాగనే పట్టింది" అన్నారు. గాలంతా తీసేసి సుత్తి పిడితో ట్యాంకు మీద తట్టుకుంటూ వచ్చాను. పైన టంగుమని మోగింది. కిందికి వచ్చేసరికి అట్టపెట్టె మీద కొట్టినట్టు చప్పగా అయింది. ప్యాచ్ పక్కనే స్క్రూడ్రైవర్ మొన ఆనించి నొక్కితే లోపలికి దిగిపోయింది. ఆయన నమ్మలేదు. గ్రైండర్‌తో అడ్డంగా కోసి చూపించాను. పైసగం నిన్న కొన్నట్టుంది, రంగు కూడా చెదరలేదు. అడుగున మాత్రం బెత్తెడు వెడల్పున, నీళ్ళు నిలిచిన గీత వెంబడి, రేకు పోస్టుకార్డు మందమే మిగిలింది.

ట్యాంకుకు వెల్డింగ్ వద్దు. ఎంసీల్ వద్దు. సూదిమొన అంత లీకు ఉన్నా ట్యాంకు మార్చాల్సిందే. ఒకచోట చిల్లు పడిందంటే చుట్టుపక్కల రేకు కూడా పలచబడిందని అర్థం. దాని మీద వెల్డింగ్ వేడి తగిలితే ఇంకా బలహీనమవుతుంది. 30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న ట్యాంకు చివరి మూత మీద 8 కేజీల ప్రెషర్ అంటే లెక్కకు 5 టన్నుల పైన తోపు. నీళ్ళ ట్యాంకు చిల్లు పడితే కారుతుంది, దాంతోనే సరి. ఇది చీలితే రేకు ముక్కలు గాలిలో లేస్తాయి. గ్యాస్ లేదు కదా, ఒట్టి గాలే కదా అని తేలిగ్గా తీసుకునేవాళ్ళకు ఈ లెక్క చెప్తుంటాను.

మీది ఎనిమిది నెలల మిషనే, అందులో ఒకటే వానాకాలం. కాబట్టి ఇప్పుడే భయపడే పని లేదు.

ఇక పేలుతుందా అన్న ప్రశ్న. మంచి ట్యాంకులో, గాలి మామూలు ప్రెషర్‌లో ఉంటే ఊరికే పేలదు. మీ మిషన్‌కు రెండు కాపలాలున్నాయి. మొదటిది ప్రెషర్ స్విచ్, మోటారు పక్కన ఉండే నల్ల డబ్బా. గాలి ఎనిమిది కేజీలకు చేరగానే మోటారు ఆపుతుంది, ఆరు దగ్గరికి పడగానే మళ్ళీ వేస్తుంది (కంపెనీని బట్టి అంకెలు కొంచెం అటూ ఇటూ ఉంటాయి). రెండోది సేఫ్టీ వాల్వ్, రింగు వేలాడే చిన్న ఇత్తడి ముక్క. స్విచ్ లోపల పాయింట్లు అతుక్కుపోయి మోటారు ఆగకపోతే, గాలిని బయటికి వదిలేది అదొక్కటే.

నెలకోసారి ఆ రింగు లాగి చూడండి. ట్యాంకులో నాలుగైదు కేజీలుండగా కళ్ళద్దాలు పెట్టుకుని లాగాలి. బస్సుమని గాలి వచ్చి, వదలగానే ఠక్కున మూసుకోవాలి. రింగు కదలకపోతే, లాగాక కూడా కారుతూనే ఉంటే కొత్తది వేయించండి. పాతదాన్ని విప్పి స్ప్రింగు బిగించే ప్రయోగాలొద్దు. కొత్తది కూడా మీ ట్యాంకు మీద ప్లేటులో రాసిన గరిష్ఠ ప్రెషర్‌కు మించనిదే కావాలి. కుషాయిగూడ వైపు ఒక షెడ్డులో సేఫ్టీ వాల్వ్ ఊరికే కారుతోందని తీసేసి బోల్టు బిగించారు. నన్ను పిలిచింది గేజీ పాడైందని. ముల్లు 10 దాటి చివరికి ఆనుకుని ఉంది, మోటారు ఇంకా తిరుగుతూనే ఉంది. గేజీకి ఏ జబ్బూ లేదు, అది నిజమే చెప్తోంది! నేను మిషన్ దగ్గరికి పోలేదు, మెయిన్ ఆపించి, అందరినీ బయటికి పంపి, దూరంగా ఉన్న పైపు చివర నుంచి గాలి వదిలాను. ఆ రోజు చేతులు వణికాయి, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

మీలాంటి ఇంటివాళ్ళు తెలియక చేసే పొరపాటు ఇంకొకటుంది. కంప్రెసర్‌ను గోడ స్విచ్ దగ్గర ఆపేస్తారు. ఎప్పుడూ మిషన్ మీద ఉన్న నాబ్‌తోనే ఆపండి, తర్వాత గోడ స్విచ్. మోటారు ఆగినప్పుడు టుస్స్ మని ఒక్క క్షణం గాలి వదిలే శబ్దం వింటారు కదా, పంపుకూ ట్యాంకుకూ మధ్య పైపులో ఇరుక్కున్న గాలి అది. నాబ్‌తో ఆపితేనే ఆ గాలి పోతుంది. గోడ దగ్గర ఆపితే పైపులో ప్రెషర్ అలాగే ఉంటుంది. మళ్ళీ వేసినప్పుడు మోటారు ఆ బరువును మొదటి తిప్పులోనే తోయాలి. తోయలేక మూలుగుతుంది, మోటారు కండెన్సర్ (కెపాసిటర్) ఉబ్బుతుంది, కొన్నాళ్ళకు వైండింగ్ పోతుంది. ఆ టుస్స్ శబ్దం ఒక క్షణంలో ఆగకుండా అలాగే వస్తూ ఉంటే లోపల నాన్ రిటర్న్ వాల్వ్‌లో (ట్యాంకు గాలిని వెనక్కి రాకుండా ఆపేది) చెత్త చేరినట్టు. ట్యాంకు గాలి వెనక్కి కారుతోందన్నమాట. విప్పి శుభ్రం చేస్తే చాలా సార్లు సరిపోతుంది, విప్పే ముందు ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయాలి.

కరెంటు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. రెండు హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు నడిచేటప్పుడు 9, 10 ఆంపియర్లు లాగుతుంది, స్టార్టింగ్‌లో దానికి ఎన్నో రెట్లు. కాబట్టి గీజరుకు పెట్టే 16 ఆంపియర్ల సాకెట్, అసలైన ఎర్తింగ్ తప్పనిసరి. మొబైల్ చార్జింగ్ ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టొద్దు. దూరంగా పని ఉంటే వైరు పొడిగించకండి, గాలి పైపు పొడిగించండి. తప్పదంటే 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, చుట్ట పూర్తిగా విప్పి. సాయంత్రం పూట వోల్టేజీ 200కు దిగిపోయే కాలనీల్లో ఆ టైములో నడపకపోవడమే మేలు.

ఆయిల్ దగ్గరికి వద్దాం. బైక్ ఆయిల్ ఒకసారి పోస్తే పంపు అదే రోజు పట్టేయదు, అందుకే "నేను పోస్తున్నా, ఏం కాలేదు" అనేవాళ్ళు దొరుకుతారు. బైక్ ఆయిల్‌లో మసిని, నీటిని తనలోనే కలిపి ఉంచుకునే డిటర్జెంట్ ఉంటుంది. ఇంజన్‌లో దానికి ఫిల్టర్ ఉంటుంది, ఇక్కడ లేదు. వేడి హెడ్డులో (పంపు పైభాగం) అది వాల్వ్ ప్లేటు మీద కార్బన్‌గా పేరుకుంటుంది. వాల్వ్ సరిగ్గా మూసుకోదు, గాలి నిండటానికి రెట్టింపు టైము పడుతుంది. కంప్రెసర్ ఆయిల్ అని అడగండి, మాన్యువల్‌లో ఏ గ్రేడు రాసి ఉంటే అది, మామూలుగా ఐఎస్ఓ వీజీ 100 లేదా ఎస్ఏఈ 30 ఉంటుంది. మీ సైజుకు అర లీటరు లోపే పడుతుంది, పొదుపు చేయాల్సిన ఖర్చు కాదు. కొత్త మిషన్‌లో మొదటి ఆయిల్ ముందే మార్చాలి, ఇనుప పొడి వస్తుంది. మీరు ఎనిమిది నెలలు మార్చలేదు కాబట్టి ఈ ఆదివారమే మార్చేయండి. పది నిమిషాలు నడిపి, ఆపి, గాలి వదిలి, వేడిగా ఉండగానే కింది బోల్టు తీసి వంపండి. కొత్తది ఆయిల్ గ్లాసులో ఎర్రచుక్క మధ్య దాకా పోయండి. చుక్క దాటితే ఆయిల్ గాలితో పాటు వచ్చి పెయింటు మీద మచ్చలు పడతాయి.

ఇంటి వాడకంలో ఇంకో చిక్కుంది. రెండు నిమిషాలు వేసి టైరుకు గాలి పట్టి ఆపేస్తాం. పంపు వేడెక్కదు, లోపల చేరిన తేమ ఆవిరి కాదు, ఆయిల్ పాలు కలిపిన చాయ్ రంగుకు మారుతుంది. మా ఇంటి మిషన్‌కే జరిగింది, చెప్పే నేనే చూసుకోలేదు. ఆ రంగు కనిపిస్తే ఆరు నెలలు ఆగకండి, మార్చేయండి. నెలకోసారి డ్రెయిన్ కాక్ కొంచెం వదులుగా ఉంచి పావుగంట నడిపితే పంపు వేడెక్కి ఆ తేమ పోతుంది, ట్యాంకు కూడా ఆరుతుంది. అంతకంటే ఎక్కువ సేపు ఆపకుండా నడపొద్దు. ఇంటి మిషన్లు రోజంతా తిరగడానికి చేసినవి కావు, ఎంతసేపు నడిస్తే అంతసేపు విశ్రాంతి ఇవ్వాలి. మే నెలలో మెట్ల కింద తలుపు వేసి నడిపితే ఇంకా తొందరగా అలసిపోతుంది. గోడకు అడుగు దూరం జరిపి, తలుపు తెరిచి నడపండి.

ఆయిల్ లేని రకం ఉన్నవాళ్ళు ఇది చదివి అందులో ఆయిల్ పోయకండి, పోసినవాళ్ళున్నారు. దానికి ఫిల్టరూ నీళ్ళూ చూసుకుంటే చాలు.

ఎయిర్ ఫిల్టర్ గురించి రెండు ముక్కలు: స్పాంజీ అయితే సబ్బు నీళ్ళలో కడిగి బాగా ఆరబెట్టి పెట్టండి, కాగితందైతే దులిపి వాడండి, నల్లబడితే మార్చండి. మీ కాలనీలో రోడ్డు పని నడుస్తుంటే నెలకోసారి చూడాల్సిందే. లీకులకు సర్ఫ్ నీళ్ళు కుంచెతో జాయింట్ల మీద రాస్తే బుడగలు చెప్పేస్తాయి. బెల్టు రకమైతే బొటనవేలితో నొక్కి చూడండి, ఒక సెంటీమీటరు దిగితే చాలు.

(ఇంకోటి, "డబ్బా మీద రాసినంత గాలి రావడం లేదు, మోసం" అంటారు కొందరు. అక్కడ రాసేది చాలాసార్లు పంపు లోపలికి పీల్చే లెక్క, బయటికి వచ్చేది ఎప్పుడూ తక్కువే. పైగా మన ఊరు సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తు, ఇక్కడ గాలే కాస్త పలచన.)

పిల్లలున్నారన్నారు కాబట్టి ఈ భాగం జాగ్రత్తగా చదవండి.

గాలి పైపును మనిషి ఒంటి మీద పెట్టొద్దు, సరదాకైనా సరే. పనయ్యాక బట్టల మీద దుమ్ము ఊదుకోవడం మన షెడ్లలో అందరికీ అలవాటు, నేనూ చేశాను కుర్రతనంలో. చిన్న రవ్వ కంట్లో పడినా, తెగిన చోట గాలి చర్మం కిందికి దూరినా ఆసుపత్రే. కుర్రాళ్ళు ఆటపట్టించడానికి వెనక నుంచి పైపు పెడితే పేగులు చిరిగి ప్రాణాలు పోయిన వార్తలు మన దేశంలో మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉన్నాయి. ఇంట్లో పిల్లలకు ఇది అర్థమయ్యేలా ఒకసారి కూర్చోబెట్టి చెప్పండి. వాడనప్పుడు ప్లగ్ తీసి, గన్ విప్పి ఎత్తులో పెట్టండి. ఫుట్‌బాల్‌కు, ఈత ట్యూబుకు నేరుగా గాలి పట్టనివ్వొద్దు. బంతికి ఒక కేజీ కూడా అక్కర్లేదు, రెగ్యులేటర్ తగ్గించకుండా పెడితే చేతిలోనే పగులుతుంది. పంపు నుంచి ట్యాంకుకు వెళ్ళే పైపు, హెడ్డు నడిచాక అరగంట దాకా చుర్రుమంటాయి, దాని చుట్టూ పిల్లల్ని తిరగనివ్వకండి.

గాలి లైనుకు పీవీసీ పైపు వేయొద్దు. మేడ మీదికి గాలి తీసుకెళ్ళాలని నీళ్ళ పైపు బిగించిన ఇళ్ళు చూశాను. నీళ్ళతో పగిలితే చీలుతుంది, గాలితో పగిలితే గాజులా ముక్కలై ఎగురుతుంది. గాలికి చేసిన రబ్బరు పైపో పీయూ పైపో వాడండి.

స్ప్రే పెయింటు కొట్టేటప్పుడు కంప్రెసర్ ఆ గదిలో ఉండకూడదు. ప్రెషర్ స్విచ్ పడినప్పుడల్లా లోపల చిన్న నిప్పురవ్వ పుడుతుంది, థిన్నర్ ఆవిరికి అది చాలు. ఏసీ కాయిల్ ఊదేటప్పుడు ప్రెషర్ రెండు కేజీలకు తగ్గించి, రేకులకు ఎదురుగా ఊదండి, ఏటవాలుగా ఊదితే అన్నీ వంగిపోతాయి.

ఇప్పుడు వెళ్ళి కాక్ తిప్పండి. ఎనిమిది నెలల నీళ్ళు కాబట్టి మగ్గు చాలదేమో, బకెట్ పెట్టుకోండి. పలచటి టీ రంగులో వస్తే మామూలే. ఎర్రమట్టి నీళ్ళలా చిక్కగా, రేకు పొరల్లాంటి తుప్పు ముక్కలతో వస్తే మళ్ళీ గాలి పట్టకండి. ఎన్ని నీళ్ళొచ్చాయి, ఏ రంగు, ట్యాంకు అడుగున తడితే శబ్దం ఎలా ఉంది, ఈ మూడూ ఇక్కడే రాయండి, చూసి చెప్తాను.